టీ తాగి రా బావా

సెప్టెంబరు 15, సోమవారం

ఇల్లు వద్దట. బండి కొంటాడట.

పొద్దున్న పూజయ్యాక హారతి పళ్ళెం పట్టుకెళ్తే, తమ్ముడు మోహన కళ్ళకద్దుకుని, "అప్పా, ఇంక అద్దిల్లు ఎతకొద్దు. నాను క్యారవాన్ కొంతన్నాను" అన్నాడు. మంచం, పొయ్యి, నీళ్ళ ట్యాంకు, స్నానాలగది అన్నీ లోపలే ఉండే బండి. అందులోనే ఉండడం, అందులోనే తిరగడం. ఏడాదికో రెండేళ్ళకో కాదు, ఓపిక ఉన్నన్నాళ్ళూ.

"మరి నేను?" అన్నాను.

"నువ్వు నేకుండా నాకు చారెవులు కాత్తారు?" అని నవ్వాడు. "కాశీ సూపిత్తానన్నాను కదా నీకు" అన్నాడు.

ప్లాంటు ఉద్యోగం గడువుకు ముందే వదులుకుని రెండు నెలలు. నవంబరు నెలాఖరుకి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వాడికి యాభై నాలుగు, నాకు యాభై ఏడు. ముప్పై ఏళ్ళు వాడు క్రేను మీదే ఉన్నాడు. కరిగిన ఉక్కు నిండిన లేడిల్‌ని, ఇల్లంత బాల్చీ అది, పైనుంచి ఎత్తి మనుషుల తలల మీదుగా తీసుకెళ్ళి దించే పని. వీడ్కోలు నాడు ఇచ్చిన జ్ఞాపిక మీద 'ముప్పై ఏళ్ళు, ఒక్క చుక్క ఒలకలేదు' అని రాయించారు.

"ముప్పయ్యేళ్ళు రెండు పట్టాల మీద అటూ ఇటూ తిరిగినానప్పా. ఇంక తిన్నగా పోవాల."

అడ్డు చెప్పలేదు. మరదలు చంద్రిక పోయి రెండేళ్ళు. ఆ తర్వాత వాడు నోరు తెరిచి ఒకటి కావాలనడం ఇదే మొదలు.

సెప్టెంబరు 18, గురువారం

ఆటోనగర్‌లో షెడ్డుకి వెళ్ళాం. నాగవంశీ అని, పాత వ్యాన్లను క్యారవాన్లుగా మార్చి అమ్ముతాడు. పొట్టి వ్యాను ఒకటి చూపించాడు. పగలు సీటు, రాత్రి అదే మంచం. మోహన నిలబడితే తల పైకప్పుకి తగిలింది. మరుగుదొడ్డి కింద డబ్బా సూట్‌కేసులా బయటికి లాగి, ఎక్కడో పారబోసి కడుక్కు రావాలట.

"దేవుడెక్కడ?" అని అడిగాను.

నాగవంశీకి అర్థం కాలేదు. "పటాలా మేడం? ఫ్రిజ్ మీద పెట్టీసుకోండి. నేదంటే స్టిక్కర్లుంటాయి, డాష్‌బోర్డుకి అతికిచ్చీసుకోవచ్చు."

"బండి తిరిగినప్పుడల్లా తూర్పు మారిపోతుంది కదా."

"మా అప్పకి బండితోపాటు ఒక దిక్సూసి కూడా ఇచ్చీ బావా" అని మోహన పకపకా నవ్వాడు. చాన్నాళ్ళయింది ఆ నవ్వు విని.

పొయ్యి పక్కనే మంచం. బాగాలేదన్నాను. వద్దనడానికి కారణం అదే. ఇంకేం లేదు.

సెప్టెంబరు 19

పింగాణీ కప్పులు తీసి పైన పెట్టేశాను. పొడుగు స్టీలు గ్లాసులు తెచ్చాను. సగానికి పోసి ఇస్తే తాగడానికి వీలు.

సెప్టెంబరు 26, శుక్రవారం

అమ్మవారికి ఇవాళ పులిహోర. మోహనకి నాలుగు టీషర్టులు తెచ్చాను. బొత్తాలతో పేచీ లేదు. ఈ ఉక్కకి అవే మంచివి.

భోజనాల దగ్గర అడిగాను, ఇల్లంటూ ఒకటి లేకుండా ఎలాగరా అని.

"మన ఇల్లు బండెక్కడం కొత్తేటప్పా?" అన్నాడు.

నిజమే. మా ఊరు ప్లాంటు కింద పోయినప్పుడు నాకు పదేళ్ళు, వాడికి ఏడు. నాన్న తలుపులూ దూలాలూ ఊడదీసి ఎడ్లబండి మీద వేశాడు. ఆ వీధి తలుపు మీద వెల్లకిలా పడుకుని కొత్త కాలనీ దాకా మోహన పాటలు పాడుతూనే ఉన్నాడు. అమ్మ ఏడుస్తూ నడిచింది. ఆ భూమికి బదులుగా వచ్చిన ఉద్యోగమే వాడిది.

"అప్పుడు వాళ్ళు ఎక్కించినారు. ఇప్పుడు మనకి మనవే ఎక్కుతన్నాం. అంతే తేడా" అన్నాడు. అన్నం ముద్ద నోటి దాకా వెళ్ళేసరికి సగం కంచంలో రాలింది. నేను మజ్జిగ కోసం లేచాను.

అక్టోబరు 4, శనివారం

నాగవంశీ మళ్ళీ కబురు పెట్టాడు. పాత స్కూలు బస్సుని మార్చింది ఒకటి వచ్చిందని. పెద్దది. నిలబడొచ్చు. రెండు మంచాలు, మధ్యలో తెర. కిటికీలకి దోమతెరలు. పైన సోలారు పలకలు, ఎక్కడ ఆపినా ఫ్యానూ లైటూ వస్తాయి. నాకు పెట్టడానికి వంక దొరకలేదు.

మోహన షెడ్డు ఆవరణలోనే ఒక చుట్టు తిప్పాడు. నేను వెనక మంచం మీద కూర్చున్నాను. గేటు దగ్గరికి వచ్చాక నాగవంశీ "ఆపండి సార్, ఆపండి" అని కేకేశాడు. రెండోసారీ కేకేశాడు. ఆ తర్వాత కూడా బస్సు మూరెడు వెళ్ళింది. గేటు రెక్క వంగిపోయింది.

నేను కిందికి దిగి, "బ్రేకు పట్టలేదు" అన్నాను.

"నిన్ననే కొత్తవి ఏయించినాను మేడం! కావాలంటే నాను నడిపి సూపిత్తాను, ఎక్కండి."

"అక్కర్లేదు. ఈ బండి వద్దు."

"మేడం, ఉట్టినే అలగ అనీకండి. నా పేరు పోతాది."

"బ్రేకు పట్టలేదు" అని మళ్ళీ అన్నాను. బ్రేకు ఏ కాలి కింద ఉంటుందో కూడా నాకు తెలీదు.

ఆటో కూర్మన్నపాలెం దాటాక మోహన, "నిజవేనప్పా. బ్రేకులు మెత్తగా ఉన్నాయి" అన్నాడు. నేను చెప్పింది నమ్మాడు.

అక్టోబరు 5

లలితా పారాయణలో మూడుచోట్ల తప్పిపోయాను. ముప్పై ఏళ్ళుగా చూడకుండా చదువుతున్నది.

అక్టోబరు 6

బస్సు పాతది. అందుకే.

అక్టోబరు 14, మంగళవారం

భీమిలి వెళ్ళొచ్చాం. భ్రమరాంబ గారని, గోదావరి వాళ్ళు. భర్త పోర్టులో చేసి రిటైరయ్యారు. నాలుగేళ్ళు క్యారవాన్‌లో దేశమంతా తిరిగి ఇప్పుడు అమ్ముతున్నారు.

"మావారికి మోకాళ్ళు అరిగిపోయాయండి. ఆ మెట్టు ఎక్కలేకపోతున్నారు. దాన్ని వాకిట్లో చూస్తే దిగులు, అమ్ముదామంటే దిగులు. కూర్చోండమ్మా, కాఫీ ఇస్తాను."

అన్నీ ఆవిడే చూపించింది. నీళ్ళ ట్యాంకు రెండ్రోజులు వస్తుందట, గుళ్ళ దగ్గర పట్టుకోవచ్చట. రాత్రిళ్ళు పెట్రోలు బంకుల్లో ఆపుకుంటే ఎవరూ తలుపు కొట్టరట.

"తాడు కట్టి బట్టలారేసినచోటే మన ఊరనుకోవాలండీ. ఇంకోటి చెప్తాను, ఏమనుకోకండి. ఒకరి మీద ఒకరికి కోపమొచ్చినప్పుడు లేచిపోడానికి పక్కగది ఉండదు. అదొక్కటే కష్టం."

"మాకు కోపాలు రావండీ" అన్నాడు మోహన.

"అయితే మీకే అమ్ముతానండీ" అని ఆవిడ నవ్వింది.

పొయ్యికీ మంచానికీ మధ్య చెక్క గోడ ఉంది. పైకప్పు ఎత్తుగా ఉంది. మంచం తల దగ్గర రెండు రెక్కల చిన్న అలమర, లోపల కుంకుమ మరకలు. దేవుడి గూడు. అదే నా ఆఖరి వంక. అదీ పోయింది.

మోహన బీచ్ రోడ్డు మీద నడిపాడు. నేనూ భ్రమరాంబ గారూ వెనక కూర్చున్నాం. స్టీరింగు పట్టుకుంటే వాడి చేతుల్లో కదలికే లేదు. చూశాను. బాగా చూశాను. తిరిగొచ్చేటప్పుడు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె రోడ్డు దాటుతోంది. బండి ఆగలేదు, ఆగలేదు, ఆగింది. ఆమె గంపతో సహా ఎగిరి పక్కకి దూకింది.

"ఓలమ్మో! కళ్ళు నేవేట్రా నీకు? సేపలతోపాటు నన్ను కూడా పులుసెట్టీసీవోడివి!"

మోహన కిటికీలోంచి తల బయటపెట్టి దణ్ణం పెట్టాడు. "తప్పైపోనాది సెల్లీ."

"సెల్లంట, సెల్లి! సెల్లిని సంపీసి సారె ఎడతావేటి?"

మోహన నవ్వాడు. నవ్వుతూనే ఉన్నాడు. కుడిచెయ్యి స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్కడ అది తనంతట తాను ఆడుతోంది, రెండు వేళ్ళ మధ్య ఏదో నలుపుతున్నట్టు.

వాళ్ళింటికి తిరిగొచ్చాక వంటింట్లో భ్రమరాంబ గారు గొంతు తగ్గించి అడిగింది. "మీ తమ్ముడు గారిని ఎవరికైనా చూపించారా అండీ?"

"దేనికి?"

"ఆ చెయ్యండి."

"భార్య పోయినప్పటినుంచీ అలా ఉంది. దిగులు."

"దిగులైతే కాలు కూడా ఆలస్యంగా పడుతుందా అండీ?"

కాఫీ బాగుందని చెప్పి వచ్చేశాను.

అక్టోబరు 15

బండి తెచ్చుకునే తారీకు నన్నే పెట్టమన్నాడు. కార్తీకం రెండో సోమవారం బాగుందన్నాను. నవంబరు మూడు. ఇంకా దగ్గరదగ్గర మూడు వారాలుంది. మూడు వారాల్లో ఏమైనా జరగొచ్చు.

సింహాద్రి అప్పన్నకి చెప్పుకున్నాను. ఆయనే చూసుకుంటాడు.

అక్టోబరు 20, సోమవారం. దీపావళి

వాడు అడిగేలోపే ప్రమిదలన్నీ నేనే వెలిగించేశాను. పక్క క్వార్టరు పిల్ల కీర్తన వచ్చి, "అంకుల్, ఒక్కటి కాల్చండి" అని వాడి చేతికి కాకరపువ్వొత్తి ఇచ్చింది. దాని వెలుగు గాల్లో గిరగిరా చిన్న చిన్న సున్నాలు చుట్టింది. "భలే తిప్పుతున్నారంకుల్!" అని చప్పట్లు కొట్టింది.

వాడు తిప్పడం లేదు.

అక్టోబరు 24, శుక్రవారం

గవర్రాజు వచ్చాడు. మోహనతో కలిసి ఒకే షిఫ్టులో ఇరవై ఏళ్ళు చేశాడు. మోహన క్షవరానికి వెళ్ళిన టైము చూసుకునే వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం దగ్గరే చెప్పుల మీద నిలబడ్డాడు.

"వదినా, బావ బండి కొంతన్నాడంట. నిజవేనా?"

"నవంబరు మూడున తెస్తాం."

"నడిపీది ఎవులు?"

"వాడే."

ముఖం తుడుచుకున్నాడు. "వద్దనీ వదినా."

చెప్పమన్నాను. చెప్పాడు. నేల చూస్తూ చెప్పాడు.

"చంద్రిక సెల్లి సనిపోయిన నెల్లోనే మొదలైనాది. మనిషి సగవైపోనాడు కదా. లేడిల్ లేపీ టైముకి నాను పైకెక్కి, 'టీ తాగి రా బావా, నాను సూసుకుంటాను' అనీవోన్ని. నాకూ క్రేను లైసెన్సుంది. మొదట్లో నిజంగా టీ కోసవే వదినా, కాసేపు కూకుంటాడని. ఒకనాడు ఖాళీ లేడిల్ దించతన్నాడు. ఆపాల్సిన కాడ ఆపనేదు. అది ఊగింది. ఖాళీది కాబట్టి సరిపోయింది. అప్పుడు సూసినాను బావ సెయ్యి. ఆ దినం నించి షిఫ్టంతా ఒక మాటనుకున్నాం. నిండు లేడిల్ ఒక్కటి కూడా బావ సేతికి ఇవ్వనేదు. రెండేళ్ళు. పదిమందివీ కలిసి మోసినాం."

"ఆఫీసరుకి చెప్పలేదా?"

"సెప్తే అన్‌ఫిట్ అని రాసీసి కింద స్టోర్స్‌లో కూకోబెట్టీస్తారు. క్రేను మీంచి దింపీస్తే బావ బతుకుతాడా?"

"వాడికి తెలుసా?"

"తెలీకుండానే సేసినాం. ఆ జ్ఞాపిక మీద అచ్చరాలు నానే రాయించినాను వదినా. ముప్పయ్యేళ్ళని. అంతకుముందు కింద నిలబడి సైగలిచ్చీది నానే. నెత్తి మీద నిప్పుల కుండ పోతా ఉంటాది. బావ పైనున్నాడంటే అమ్మ ఒళ్ళో ఉన్నట్టే ఉండీది."

"రెండేళ్ళు చెప్పనివాడివి ఇప్పుడెందుకు చెప్తున్నావు?"

"అక్కడంటే మేం పదిమందివి ఉన్నాం. రోడ్డు మీద ఎవులు సూత్తారు వదినా?"

"నువ్వే చెప్పు వాడికి."

"నాకు నోరు రాదు. నువ్వు పెద్దదానివి. నీ మాటైతే ఇంటాడు."

మోహన వచ్చేలోపు వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు కూడా తాగలేదు.

నేను ఎవర్ని తప్పు పట్టగలను? ఆ షిఫ్టులో నేనూ ఉన్నాను. సగం గ్లాసులు, బొత్తాల్లేని చొక్కాలు, పట్టని బ్రేకులు. వాడు నడపగలనని నమ్మాడంటే మేమందరం కలిసి నమ్మించబట్టే.

బండి వద్దని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఆ రెండేళ్ళు పోతాయి. రెండేళ్ళు పోతే ముప్పై పోయినట్టే వాడికి.

అక్టోబరు 25

నాగులచవితి. పుట్ట దగ్గర చాలామంది ఉన్నారు. చెప్పడానికి వీలు కాలేదు.

అక్టోబరు 28, మంగళవారం

తుపాను. కరెంటు లేదు. సముద్రం ఇక్కడిదాకా వినిపిస్తోంది. మోహన నేల మీద దేశపటం పరుచుకుని, భ్రమరాంబ గారు రాసిచ్చిన చీటీ చూసి ఊళ్ళకి చుక్కలు పెట్టుకుంటున్నాడు. చుక్క ఒక్కటీ అనుకున్నచోట పడడం లేదు. కాశీకి పెట్టింది గంగ అవతల పడింది.

"ఇలాంటి రోజు ఆ బండి ఎక్కడ ఆపుకుంటాంరా?"

"గాలి నేని కాడికి పోతాం. ఇల్లైతే ఎల్లగలవా?"

రేపు చెబుతాను.

అక్టోబరు 29

చెప్పలేదు.

అక్టోబరు 31

చెప్పలేదు. భ్రమరాంబ గారు ఫోను చేసి, తుపానుకి బండి చెక్కుచెదరలేదని సంతోషంగా చెప్పారు. కొత్త పరదాలు కూడా కుట్టించారట.

నవంబరు 2, ఆదివారం

రేపే. స్వామీ, నా నోటికి బలమివ్వు. లేదా వాడికి జ్వరమివ్వు.

ఇది రాసి కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.

నవంబరు 3, సోమవారం

చెప్పాను.

ఉపవాసం. పొద్దున్నే స్నానం చేసి అభిషేకం చేసుకున్నాను. వాడు తయారై వచ్చాడు. ఇవాళ టీషర్టు కాదు. పెళ్ళిలో వేసుకునేలాంటి తెల్ల చొక్కా. పైన రెండు బొత్తాలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకున్నాడు.

"తొమ్మిదింటి బస్సుకి ఎల్లిపోదామప్పా. కొబ్బరికాయ, నిమ్మకాయలు ఎట్టుకున్నావా?"

"మోహనా, బండి వద్దు."

"మళ్ళీ ఏటి వంక?"

"వంక బండికి లేదు."

చూశాడు.

"నువ్వు నడపలేవు" అన్నాను.

ఎందుకని అడగలేదు. కుర్చీలో కూర్చుని కుడిచెయ్యి మీద ఎడమచెయ్యి పెట్టుకున్నాడు.

"ముప్పయ్యేళ్ళప్పా. ముప్పయ్యేళ్ళు నిప్పు మోసినాను..."

"ఇరవై ఎనిమిది" అన్నాను.

ఇంకోలా చెప్పొచ్చేమో. నాకు రాలేదు. వారం రోజులుగా మనసులో ఎన్నో వాక్యాలు పేర్చుకున్నాను, అవేవీ రాలేదు. ఆ అంకె ఒక్కటే వచ్చింది.

"ఎవులు సెప్పినారు?" అన్నాడు.

"గవర్రాజు."

"టీ" అన్నాడు. "టీ తాగి రా బావా అనీవోడు. నాకోసం కేంటీన్లో అల్లం ఏరేగా దంచించీవోడు. ఎంత ప్రేమో ఈడికి అనుకునీవోన్ని."

"ప్రేమే."

"అవును, ప్రేమే. నువ్వూ సగం గ్లాసే పోత్తావు."

అంటే చూస్తూనే ఉన్నాడు.

లేచి చొక్కా విప్పబోయాడు. బొత్తాలు రాలేదు. సాయం వెళ్ళాను. "ఒగ్గీ అప్పా" అన్నాడు. గట్టిగా అనలేదు. పక్కగదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పక్కగది ఉంది కాబట్టి.

సాయంత్రం నక్షత్రం చూసి కూడా నేను భోంచెయ్యలేదు.

నవంబరు 5, బుధవారం. పౌర్ణమి

మాట్లాడడం లేదు. మూడు వందల అరవై ఐదు వత్తులు వెలిగించాను. వాడు గుమ్మంలో నిలబడి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. గవర్రాజు రెండుసార్లు వచ్చి గేటు దగ్గర నుంచే వెళ్ళిపోయాడు.

నవంబరు 6

నేను చేసింది మంచిదే. మంచిదే చేశాను.

నవంబరు 8, శనివారం

పొద్దున్న చెప్పకుండా ఎటో వెళ్ళాడు. మధ్యాహ్నం భ్రమరాంబ గారి ఫోను.

"మీ తమ్ముడు గారు వచ్చి వెళ్ళారండీ. బస్సులో ఒక్కరే వచ్చారు. బండి తాళాలివ్వమన్నారు. నాకు గుండె ఝల్లుమంది. కానీ స్టార్ట్ చెయ్యలేదండి. ఊరికే సీట్లో కూర్చున్నారు గంటసేపు. మావారు కర్ర పట్టుకుని వెళ్ళి పక్కన నిలబడ్డారు. ఇద్దరూ ఏదో మాట్లాడుకున్నారు. వెళ్ళేటప్పుడు, 'ఇంకెవరికైనా ఇచ్చీండమ్మా, మంచి బండి' అన్నారు. పరదాలు బాగున్నాయన్నారండీ." ఆవిడ ముక్కు చీదుకోవడం వినిపించింది. "ఏం జరిగిందండీ?"

"ఏం లేదండి. ఇల్లు దొరికింది" అన్నాను.

ఇంకా దొరకలేదు.

నవంబరు 12, బుధవారం

వడ్లపూడిలో రెండు గదుల వాటా. నేలమీదే, మెట్లు లేవు. తూర్పు గోడకి దేవుడి గూడు ఉంది. ఈ తూర్పు ఇంక కదలదు.

ఇవాళ మోహన మాట్లాడాడు. సామాన్లు సర్దుతుంటే జ్ఞాపిక చూపించి, "ఇదేటి సేద్దాం?" అన్నాను.

"ఇరవై ఎనిమిదని సెక్కించి తెత్తాను, ఉండు" అన్నాడు. నవ్వాడో లేదో తెలీలేదు.

డాక్టరు దగ్గరికి రమ్మంటే సరేనన్నాడు.

నవంబరు 17, సోమవారం

నరాల డాక్టరు. చిన్నమ్మాయి, నెమ్మదైన మనిషి. వాడి చేత వేళ్ళు తట్టించింది, వరండాలో నడిపించింది, కాగితం మీద పేరు రాయమంది. మోహనకృష్ణ అని మొదలుపెట్టాడు. అక్షరాలు పోనుపోను చీమల్లా అయిపోయాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది?" అని అడిగింది.

"రెండేళ్ళండీ" అన్నాను. "వీడి భార్య పోయినప్పటినుంచీ..."

"అప్పా, నన్ను సెప్పనీ."

ఆగాను.

"మూడేళ్ళు దాటిందమ్మా. ముందటేడు కాదు, ఆ ముందు ఏసంగిలో మొదలైనాది. మొదట బొటనేలు. నా భార్యకి తెలుసు. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను."

డాక్టరు 'మూడేళ్ళు' అని రాసుకుంది. ఆ అమ్మాయికి అది ఒక అంకె. జబ్బు పేరు పార్కిన్సన్స్ అంది. తగ్గదు, మందులతో నిదానంగా నడుస్తుంది అంది. బండి నడపకూడదంది. వాడు బుద్ధిగా తలూపాడు.

చంద్రిక మంచాన పడ్డాక నేను వాళ్ళింటికి వచ్చాను. ఎప్పుడు చూసినా వాడి కుడిచెయ్యి తన రెండు చేతుల్లో పట్టుకుని ఉండేది. నేను గదిలోకి వెళ్ళినా వదిలేది కాదు. ఎంత అన్యోన్యమో అనుకుని తలుపు దగ్గరే ఆగిపోయేదాన్ని.

బస్‌స్టాపులో పక్కపక్కన కూర్చున్నాం. వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టుకున్నాను. ఆ వేసవి నుంచి చంద్రిక పోయేదాకా ఏడాది పైన. గవర్రాజు పైకెక్కి టీ తాగి రమ్మనడం అప్పటికి ఇంకా మొదలుకాలేదు.

"ఆ ఏడాది నిండు లేడిళ్ళు ఎవరు లేపారు?" అన్నాను.

"నానే."

"కింద?"

"గవర్రాజు. ఇంకా ఏడెనిమిది మంది."

"భయం వెయ్యలేదా?"

"దినామూ ఏసీది." రోడ్డు వైపు చూస్తున్నాడు. "సెప్తే దింపీస్తారు కదప్పా."

తర్వాత, నేను అడక్కుండానే, "ఒక్క చుక్క ఒలకనేదు" అన్నాడు.

ఆ మాటలో ఇంకా గర్వం ఉంది. బస్సు వస్తే వాడే ముందు లేచి నాకు చెయ్యి అందించాడు. పట్టుకున్నాను. నాలుగో సోమవారం. గుడికి వెళ్ళలేదు.

సాయంత్రం గవర్రాజు ఫోను. వాడికి చెయ్యడానికి మొహం చెల్లక నాకు చేశాడు. జబ్బు పేరు చెప్పాను.

"ఎన్నాళ్ళ నించి ఉందంట వదినా?"

మోహన పక్కగదిలో మంచం మీద ఉన్నాడు. తలుపు తీసే ఉంది.

"రెండేళ్ళు" అన్నాను.

"అమ్మయ్య" అని పెద్దగా ఊపిరి వదిలాడు. "అయితే మనం రాగానే కనిపెట్టీసినాం వదినా. ఒక్క దినం కూడా లేటు సెయ్యనేదు."

"అవును గవర్రాజూ" అన్నాను.